రువైస్ రేవులో ఎడమ చెయ్యి

ఖతార్ వెళ్ళొచ్చినవాళ్ళు ఖర్జూరాలు తెస్తారు, అత్తరు సీసాలు తెస్తారు, కాస్త కలిగినవాళ్ళు బంగారం తెస్తారు. నేను ఒక తప్పుబొమ్మ తెచ్చుకున్నాను. భీమిలిలో మా ముందుగదిలో దాన్ని పటం కట్టించి పెట్టాను. వచ్చినవాళ్ళు పడవ బాగుందంటారు, సముద్రం బాగుందంటారు, కాఫీ తాగి వెళ్ళిపోతారు. తప్పెక్కడుందో ఒక్కరికీ పట్టలేదు. అందుకే ఇదంతా రాయాల్సి వస్తోంది.

నా పని ముందే చెప్పేస్తాను. రాగిరేకు మీద ఉక్కుసూదితో బొమ్మ గీకి, ఆ గీతల్లో సిరా కూరి, తడి కాగితం పరిచి అచ్చుమరలో నొక్కుతాను. కాగితం లేపితే బొమ్మ వస్తుంది. ఇదొక బతుకుతెరువేనా అని మా అత్తగారు నా పెళ్ళైన నాటినుంచీ అడుగుతూనే ఉన్నారు. నేనూ ఇంకా తేల్చుకోలేదు. ఈలోగా హైదరాబాద్ ప్రదర్శనలో నా రేవు బొమ్మలు చూసిన ఒక దోహా పెద్దావిడ, తమ రేవును కూడా గియ్యడానికి రమ్మని పిలిచింది. ఆవిడ ఇంట్లోనే అచ్చుమర ఉందట. అత్తగారికి జవాబు దొరికిందనుకుని చీరలు సర్దుకున్నాను.

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్

దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఉన్న మా పిన్ని కూతురు సరళ ఇంట్లో దిగాను. ఇల్లంటే ఒక పెద్ద విల్లాను గోడలు పెట్టి ఎన్ని కుటుంబాలకు పంచొచ్చో అన్నిటికీ పంచారు, అందులో ఒక వాటా. ఉదయం లేచేసరికి ఒక కిటికీలోంచి ఇంగువ పోపు, ఇంకో కిటికీలోంచి కొబ్బరినూనె, పైనుంచి ఎవరిదో చేపల పులుసు. ఎడారికి వచ్చానని చెప్పుకోవడానికి సిగ్గేసింది.

సరళ బజారుకు తీసుకెళ్ళి మునక్కాడల ధర చూపించింది. మా పెరట్లో కోసేవాళ్ళు లేక ఎండిపోయే కాడలను ఇక్కడ కట్టకట్టి, బరువు తూచి, పువ్వుల్లా అమ్ముతున్నారు. రియాళ్ళను రూపాయల్లోకి మార్చి గుండె పట్టుకుంటుంటే సరళ చెయ్యి లాగింది. "అక్కా, ఇక్కడ బతకాలంటే మొదట ఆ లెక్క మానెయ్యాలి. లేకపోతే నీళ్ళు కూడా తాగలేవు," అంది.

మర్నాడు నన్ను తీసుకెళ్ళడానికి ఓబులేసు వచ్చాడు. రాయచోటి పక్క పల్లె అతనిది. పెద్దావిడ ఇంట్లో హౌస్ డ్రైవరు. గుమ్మంలోనే, "అక్కా, మామా పిలుస్తాంది, పోదామా?" అన్నాడు. ఈ మామ ఎవరని కంగారుపడ్డాను. ఇంటి యజమానురాలిని ఇక్కడ పనివాళ్ళు మామా అనే పిలుస్తారని కారెక్కాక చెప్పాడు. అరబ్బీలో అమ్మ అనట.

కప్పు మీద చెయ్యి

ఆ పెద్దావిడ పేరు చివరిదాకా నాకు తెలియలేదు. అందరికీ ఆవిడ ఉమ్ జాసిం, అంటే జాసిం వాళ్ళమ్మ. మా వీధిలో కూడా సగంమంది ఆడవాళ్ళు ఫలానావాడి అమ్మలే గనక నాకది కొత్తగా అనిపించలేదు. ఆవిడ హిందీ, నా హిందీ రెండూ కుంటివే. ఒకదానికొకటి ఆసరాగా బాగానే నడిచాయి.

ముందు కాఫీ వచ్చింది. చెంచాడు పట్టే కప్పు, పసుపుపచ్చటి యాలకుల కషాయం. తాగి కింద పెట్టాను, మళ్ళీ పోశారు. మర్యాద కదా అని తాగాను, మళ్ళీ పోశారు. చాలు అన్నాను, నవ్వి పోశారు. చివరికి మనం విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినట్టు కప్పు మీద అరచెయ్యి మూశాను. పోసేవాడు ఆగిపోయి నా చేతివంక వింతగా చూశాడు. ఇక వద్దని చెప్పాలంటే కప్పును అటూ ఇటూ ఊపాలని ఉమ్ జాసిం వివరించింది. వచ్చిన అతిథి చెయ్యి అడ్డం పెట్టడం ఆవిడ ఎప్పుడూ చూడలేదట. "మా ఊళ్ళో ఇలా పెట్టినా వేళ్ళ సందుల్లోంచి వడ్డించేస్తారు," అన్నాను. ఉమ్ జాసింకు అది ఎంత నచ్చిందంటే, ఇంట్లో అందరినీ పిలిచి నా చేత మళ్ళీ చేయించి చూపించింది.

ఇంత కథకూ మూలమైన బొమ్మ ఆవిడ గోడమీద ఉంది. యూరప్‌లో వందల ఏళ్ళ కిందట ఎవరో రాగిరేకు మీద చెక్కిన రేవు. ఒక పక్క కూలిపోతున్న రాతి స్తంభాలు, వెనక తెరచాపలు, పైన నాటకం తెరలా వేలాడే మబ్బులు. ముందువరసలో పని. పీపాలు దొర్లించేవాళ్ళు, మోకు లాగేవాళ్ళు, మూట కింద వంగిపోయిన ఒకడు, చేతికర్రతో ఏదో చూపిస్తున్న తలపాగా వర్తకుడు, ఎవరికీ పట్టని ఒక కుక్క. వర్తకుల ముఖాలు మీసంతో సహా కనిపిస్తాయి. మోసేవాళ్ళవి వీపులే. కుక్కకు కూడా ముఖం ఉంది గానీ వాళ్ళకు లేదు. నాకు అక్కడే కోపం వచ్చింది.

ఉమ్ జాసిం అనుమానం వేరే. "ఇంతమందిలో ఒక్కరికీ కుడిచేతివాటం లేదేం?" అంది. నిజమే. కర్ర చూపేవాడు ఎడమచేత్తో చూపుతున్నాడు, రాసేవాడు ఎడమచేత్తో రాస్తున్నాడు. ఇక నా పాండిత్యానికి పట్టపగ్గాల్లేవు. రేకు మీద గీసింది కాగితం మీద తిరగబడుతుందనీ, కుడి ఎడమకూ ఎడమ కుడికీ వెళ్తాయనీ, ఒళ్ళు దగ్గర పెట్టుకున్న కళాకారుడైతే మొదటే తిప్పి గీస్తాడనీ, ఇతగాడు ఏమరుపాటున వదిలేసి ఉంటాడనీ చెప్పాను. పాపం, ఆ చచ్చిపోయినవాడు తిరిగి ఏమీ అనలేడు కదా.

"అయితే నువ్వు ఏమరుపాటు పడకు," అంది ఆవిడ. "పడవ పేరు తిరగబడితే మావాళ్ళు నన్ను చూసి నవ్వుతారు. అక్షరాలు మాత్రం సరిగ్గా రావాలి."

పనిలేని రేవు

మొదట దోహా రేవుకే వెళ్ళాం. పాత చెక్కపడవలు వరసగా నిలబడి ఉన్నాయి, నూనె రాసి దువ్విన తలల్లా నిగనిగలాడుతూ. దీపాల తోరణాలు, మెత్తటి దిండ్లు, పాటలు. సముద్రంలో అలా తిప్పి తీసుకొస్తామని పిలుస్తున్నారు. మూట ఎత్తేవాడు ఒక్కడు లేడు. బరువంటూ ఏదైనా ఉంటే అది సెల్ఫీ కర్రలే. రేవు ఉద్యోగ విరమణ చేసి మనవలతో ఆడుకుంటోందనిపించింది. ఆడుకోనీ, దానికి మాత్రం సుఖం వద్దా అనుకున్నాను గానీ, నా రేకు ఖాళీగానే ఉంది.

ఓబులేసు రెండు కరక్ చాయ్‌లు తెచ్చాడు. పాలు, చక్కెర, యాలకులు కలిపి చిక్కగా మరగబెట్టిన టీ అది. మా ఊరి టీకి పెద్దక్కలా ఉంది. టీ విషయంలో నేను ఎవరినీ తేలిగ్గా ఒప్పుకోను. దీన్ని ఒప్పుకున్నాను.

"ఈడ ఏముందిక్కా, అంతా టూరిస్టులకే," అన్నాడు ఓబులేసు. "పని సూడాలంటే పైకి పోవాల. రువైస్‌లో మన తెలుగాయప్ప ఒకడుండాడు, గంగారామని. చేపల బోన్లు అల్లుతాడు. నువ్వు ఆయప్పను గీకితే గీకాల."

రువైస్

రువైస్ పక్కనే ఉన్న మదీనత్ అల్ షమాల్ ఊరిదాకా రోడ్డు గీత గీసినట్టు పోతుంది. అక్కడ మసీదు, మునిసిపాలిటీ, రెండు వీధుల దుకాణాలు, వాటిలో ఒక రొట్టెలబ్బాయి. పెనం మీద పిండిని చేత్తో పూసి పల్చటి అట్టు తీస్తున్నాడు. మా పెసరట్టును ఇస్త్రీ చేసి బీరువాలో పెట్టినట్టుంది. పక్కనే తీపి సేమ్యా మీద ఆమ్లెట్ వేసి ఇచ్చారు. ఇది పాయసమా, కూరా అని నేను తేల్చుకునేలోపే ఓబులేసు తన పళ్ళెం ఖాళీ చేశాడు. నాకు సగం తిన్నాక నచ్చింది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

రువైస్ రేవులో సరుకు దిగేవైపు గేటు ఉంది, మనకు ప్రవేశం లేదు. చేపల జెట్టీ మీద మాత్రం కూర్చోవచ్చు. అక్కడ చూశాను బోన్లను. గాల్వనైజ్డ్ తీగతో అల్లిన పెద్ద పెద్ద గుమ్మటాలు. అచ్చం కోళ్ళగంపలే, కానీ మనిషి పట్టేంత. వాటిని గర్గూర్ అంటారు. సముద్రం అడుగున దించితే చేప లోపలికి వెళ్తుంది, బయటికి దారి తెలియదు. సగం అల్లిన ఒక గంప లోపల చేతులకు గుడ్డ గ్లౌజులు వేసుకుని ఒకతను కూర్చుని ఉన్నాడు.

"చేపకు ముందు మీరే పడ్డారేంటండీ అందులో?" అన్నాను.

తల ఎత్తాడు. నలభై దాటిన మనిషి, ఎండకు చిట్లించిన కళ్ళు. తెలుగు వినగానే ముఖం విచ్చుకుంది. "నేను పడి శాన ఏండ్లాయె మేడం. బయటికి తొవ్వ దొరుకుతలేదు," అని నవ్వాడు.

గంగారాంది జగిత్యాల పక్క ఊరు. దోహా పక్కన కొత్తగా లేచిన లుసైల్‌లో బిల్డింగులకు ఇనుపచువ్వలు కట్టే పని చేసేవాడు. ఇప్పుడు ఒక పడవల యజమాని దగ్గర తీగ అల్లుతున్నాడు. "అప్పుడు చువ్వలను తీగతోటి కట్టుడు, గిప్పుడు తీగను తీగతోటే కట్టుడు. అక్కడ బిల్డింగు, ఇక్కడ చేప. గంతే ఫరక్," అన్నాడు.

మధ్యాహ్నం సరళ కట్టిచ్చిన క్యారేజీ విప్పాను. ముద్దపప్పు, ఆవకాయ, అన్నం. గంగారాం ముందు వద్దన్నాడు, తర్వాత ఆవకాయ వాసనకు లొంగాడు. లొంగి, సంచిలోంచి చెంచా తీసి ఎడమచేత్తో తినడం మొదలుపెట్టాడు. నా నోరు ఊరుకుంటుందా? "అయ్యో గంగారాం గారూ! ముద్దపప్పూ ఆవకాయా చెంచాతోనా? మీ జగిత్యాలవాళ్ళకు తెలిస్తే ఊళ్ళోకి రానిస్తారా?" అన్నాను.

ఓబులేసు దగ్గాడు. గంగారాం నవ్వాడు గానీ నవ్వు కళ్ళదాకా రాలేదు. చెంచా పక్కన పెట్టి, కుడిచేతి గ్లౌజు తీశాడు. మధ్యవేలు, ఉంగరం వేలు లేవు. బొటనవేలు, చూపుడువేలు, చివర చిటికెన వేలు. మధ్యలో ఖాళీ.

"చువ్వలు వంచే మిషన్ల పడ్డయి. రెండేండ్లాయె," అన్నాడు. నాకు నేల చీలితే బాగుండుననిపించింది. అతనే ఓదార్చాడు. "పర్వాలేదు అక్కా, మీకెట్ల ఎరుక? మా ఇంటిదానికే ఎరుకలేదు."

రెండేళ్ళుగా భార్యకు చెప్పలేదు. ఆమె పేరు జమున. రోజూ వీడియోలో మాట్లాడుకుంటారు. ఫోను కుడిచేత్తో పట్టుకుంటాడు. ఫోను పట్టుకున్న చెయ్యి ఎవరికీ కనిపించదు కదా. అలా గడిపేశాడు.

"ఆమె బీడీలు చేస్తది అక్కా. చేతి ఏళ్ళతోటి బతికేటిది. ఏలు ఇలువ ఆమెకు చెప్పాల్నా? అప్పుడే చెప్తే, అన్నీ ఇడిచిపెట్టి అచ్చెయ్ అంటుండె. చెప్పలే. చెప్పలే అనేది గిట్ల పెరిగిపోయింది. ఇప్పుడు వచ్చే నెల లీవు. ఎయిర్‌పోర్టుకు అస్తా అంటున్నది. దిగంగనే ఈ చెయ్యి చూసి ఏమైతదో అని రోజూ అదే రంది. పోకముందే చెప్పాలె. నోరు వస్తలేదు."

ఫోటో పంపకూడదా అని అడిగాను. తీశాడట, పంపడానికి మనసొప్పలేదట. "ఫోటో అంటే దిగ్గుమంటది. బొమ్మ అయితే మెల్లగ చూస్తది. ముందుగాల పడవ చూస్తది, నా మొకం చూస్తది, తర్వాత చెయ్యి చూస్తది. ఓబులేసు చెప్పిండు, మీరు బొమ్మలు గీస్తరట గద. ఉన్నదున్నట్టు గీయుండ్రి అక్కా," అన్నాడు.

ఇంతవరకు నన్ను ఎవరూ బొమ్మ కోసం ఇలా అడగలేదు. మర్నాడు వస్తానన్నాను.

రేకు మీద

మామూలుగా నేను ముందు కాగితం మీద గీసుకుంటాను. దాన్ని బోర్లించి రేకు మీదికి దింపుకుంటాను. అప్పుడు అచ్చులో అన్నీ సరిగ్గా వస్తాయి. ఆ రోజు గాలి కాగితాన్ని నిలవనివ్వలేదు. పైగా ఎదురుగా ఉన్న మనిషిని చూస్తుంటే ఆగబుద్ధి కాలేదు. రేకు ఒళ్ళో పెట్టుకుని నేరుగా గీకేశాను. గర్గూర్ గంప లోపల గంగారాం, మాకేసి తిరిగిన ముఖం, గ్లౌజు లేని కుడిచెయ్యి ముందుకు. గోడమీది ఆ పాత రేవులో పనివాళ్ళకు దక్కని ముఖం ఇతనికి ఇవ్వాలని పట్టుదల. వేళ్ళ దగ్గర మాత్రం చాలాసేపు ఆగాను. లేనిదాన్ని గియ్యడం కష్టం. పక్కన ఉన్నవాటిని జాగ్రత్తగా గీస్తేనే లేనిది తెలుస్తుంది.

వెనక పడవ మీద అరబ్బీలో అల్ బరకా అని రాసి ఉంది. ఉమ్ జాసిం హెచ్చరిక గుర్తుంది. సంచిలోంచి చేతి అద్దం తీసి, అందులో కనిపించినట్టు ఆ అక్షరాలను తిరగేసి చెక్కాను. అంతలో రేవు కాపలా అతను వచ్చాడు. ఫోటోలు మాఫీ, కుదరదన్నాడు. ఫోటో కాదని రేకు చూపించాను. ఇదేం రాత అని నొసలు ముడిచాడు. అద్దం పెట్టి చూపిస్తే గట్టిగా పేరు చదివాడు. చిన్నపిల్లాడిలా నవ్వి, అద్దం తనే పట్టుకుని మళ్ళీ చదివి, "యల్లా, గీసుకో," అని వెళ్ళిపోయాడు. నాకు గర్వంతో ఛాతీ ఉప్పొంగింది. అక్షరాలు తిప్పానన్న ఆ గర్వంలోనే మిగతాదంతా తిప్పలేదన్న సంగతి కొట్టుకుపోయింది.

లుసైల్ మీదుగా వెనక్కి

తిరుగుదారిలో ఓబులేసు లుసైల్‌లోంచి పోనిచ్చాడు. అద్దాల భవనాలు, తుడిచిన వీధులు. గంగారాం కట్టిన చువ్వలు ఎక్కడున్నాయో అడిగాను. "యాడో ఒగచోట లోపల ఉంటాయిలేక్కా. బయటికి కనపడితే బిల్డింగు కాదు కదా," అన్నాడతను. ఆ మాట నాతో దోహా దాకా వచ్చింది.

ఉమ్ జాసిం ఇంట్లో అచ్చు తీశాం. ఆవిడ తెల్లటి చేతులకు సిరా పూసుకుని నాతోపాటు చక్రం తిప్పింది. కాగితం లేపగానే పడవ పేరు చదివి చప్పట్లు కొట్టింది. తర్వాత గంగారాం ముఖాన్ని చాలాసేపు చూసింది. "మా నాన్న ముత్యాల కోసం మునిగేవాడు. ఆయన బొమ్మ ఒక్కటీ లేదు నా దగ్గర," అని మాత్రం అంది. ఆవిడ మీద అప్పటిదాకా ఉన్న నా గౌరవం ప్రేమగా మారింది. ఓబులేసు ఉత్సాహం ఆగక బొమ్మను ఫోనులో ఫోటో తీసి గంగారాంకు పంపేశాడు. మంచిపనే చేశావన్నాను.

మళ్ళీ రువైస్

మర్నాడు అసలు కాగితం గంగారాంకు ఇద్దామని బయల్దేరాం. క్యారేజీలో మళ్ళీ పప్పన్నమే. వెనకసీట్లో కూర్చుని బొమ్మ విప్పి, ముందుకు తిప్పి పట్టుకున్నాను. ఓబులేసు ముందు అద్దంలోంచి చూసి, "అచ్చం గంగారామే ఉండాడక్కా," అన్నాడు. నేనూ తల ఎత్తి ఆ అద్దంలో చూశాను. కుడిచెయ్యి, మధ్యలో రెండు వేళ్ళు లేవు. సరిగ్గా ఉంది. కాగితం నావైపు తిప్పి చూశాను. ఎడమచెయ్యి.

"ఓబులేసూ, చెయ్యి మారిపోయింది! నేను తిప్పలేదు. ఎడమచేతి వేళ్ళు తీసేశాను," అన్నాను.

అతను కారు నెమ్మది చేశాడు. "రాత్రే ఫోటో పంపితి కదక్కా. గంగారాం పొద్దున్నే ఇంటికి పంపించినానంటా మెసేజి పెట్టినాడు. మళ్ళా ధైర్యం ఉంటాదో ఉండదో అని."

మిగతా దారంతా నన్ను నేను తిట్టుకున్నాను. ఎప్పుడో పోయిన యూరప్ కళాకారుడికి మనసులోనే క్షమాపణలు చెప్పుకున్నాను. జెట్టీ మీదికి పరుగెత్తి సంగతి చెబితే గంగారాంకు మొదట అర్థం కాలేదు. బొమ్మ చూసినప్పుడు అతనికి తేడా తెలియనే లేదట. మనిషి తనను తాను చూసుకునేది అద్దంలోనే గదా, అతనికి అది రోజూ చూసే ముఖమే. గ్లౌజులు తీసి చేతిని కాగితం పక్కన పెట్టి చూసుకున్నాడు. "అరే," అన్నాడు. అంతలో ఫోను మోగింది.

జమున. అలవాటుగా కుడిచేత్తో ఎత్తాడు. ఆమె ముఖం తెరనిండా ఉంది, ఊపిరి ఎగబోస్తోంది.

"ఏమయ్యా, గా బొమ్మ ఏంది? నీ ఎడమచేతికి ఏమైంది? రెండు ఏళ్ళు లెవ్వేంది? గక్కడ ఏం చేసుకున్నవ్? చూపియ్యి, ముందుగాల చెయ్యి చూపియ్యి!"

గంగారాం ఎడమచెయ్యి తనంతట తనే పైకి లేచింది. అయిదు వేళ్ళు. తెర ముందు ఆడించాడు.

"అవ్వో! పానం పోయింది నాకు," అంది జమున. ఏడుస్తూ నవ్వింది. "పొద్దటిసంది ఒక్క బీడీ చుట్టలే. ఎవలు గీసిన్రయ్యా గా బొమ్మ? గామెకు ఏళ్ళు లెక్కవెట్టరాదా?"

ఓబులేసు నా మోచేతిని తాకాడు. వదిలెయ్, ఊరుకో అన్నట్టు తల ఊపాడు. నాకూ అదే అనిపించింది. నా తప్పు అతనికొక తలుపు తెరిచింది. బొమ్మ గీసినామె పిచ్చిదని ఒక్క మాట అంటే అయిపోతుంది. ఇంకో నెల గడిచిపోతుంది. నాకేం నష్టం లేదు, పిచ్చిదాన్ననిపించుకోవడం నాకు కొత్త కాదు. అనమని కళ్ళతో సైగ కూడా చేశాను.

గంగారాం నావంక చూశాడు. ఒళ్ళో ఉన్న కాగితం వంక చూశాడు. జమున ఇంకా నవ్వుతూనే ఉంది. కొంగుతో ముఖం తుడుచుకుంటోంది.

"జమునా," అన్నాడు. "అక్క ఏళ్ళు మంచిగనే లెక్కవెట్టింది. చెయ్యి ఒక్కటే మారింది."

ఫోను ఎడమచేతిలోకి మార్చుకున్నాడు. కుడిచెయ్యి ఎత్తి తెర ముందు పెట్టాడు.

జమున నవ్వు ఆగింది. ఆమె ఏడవలేదు, అరవలేదు. ముఖం తెరకు దగ్గరగా తెచ్చి ఆ చేతినే చూసింది. గంగారాం చెయ్యి దించలేదు.

"ఎప్పుడు?"

"రెండేండ్లాయె."

ఎందుకు చెప్పలేదని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. "బువ్వ ఎట్ల తింటున్నవయ్యా?" అంది.

"తింటున్న," అన్నాడు.

"ఎట్ల? నేను చూడాలె. నా ముందల తిను."

ఓబులేసు ఫోను తీసుకుని ఐసుపెట్టెకు ఆనించి నిలబెట్టాడు. నేను పళ్ళెంలో అన్నం, పప్పు పెట్టాను. కళ్ళు మసకబారి పప్పు సగం పళ్ళెం అంచు మీద పోశాను. గంగారాం చెంచా వైపు చూశాడు గానీ తియ్యలేదు. చెయ్యి కడుక్కుని, ఆ మూడు వేళ్ళతో అన్నం కలిపాడు. మెతుకులు జారాయి. మళ్ళీ పోగుచేశాడు.

"ముద్ద చిన్నగ చెయ్యి," అంది జమున. "బొటనవేలు కిందికెల్లి పట్టు. హా, గట్ల."

నోట్లో పెట్టుకున్నాడు. ఇంకో ముద్ద కలిపాడు. ఆమె ఒక్కో ముద్దనూ చూస్తూ కూర్చుంది. మధ్యలో కొంగుతో కళ్ళు ఒత్తుకుని, ఇంత పెద్దమాట దాచినందుకు ఊరికి వచ్చినంక ఉంది నీ సంగతి అని బెదిరించింది. అతను తల ఊపుతూ తిన్నాడు. పళ్ళెం ఖాళీ అవుతుంటే నేను గరిటెతో అన్నం తీశాను. గంగారాం చాలన్నట్టు చెయ్యి పళ్ళెం మీద అడ్డం పెట్టాడు. ఆ చెయ్యే.

"ఎయ్యుండ్రి అక్కా," అంది జమున ఐసుపెట్టె మీదనుంచి, ఏడుపుగొంతుతో నవ్వుతూ. "సందు బాగనే ఉన్నది గద, గండ్లకెల్లి ఎయ్యుండ్రి."

నేను ఆ సందులోంచే వడ్డించాను.